రాడ్డు తెగిందా, విరిగిందా?

టెస్టింగ్ ల్యాబ్, బాలానగర్:

గ్రూపులో అందరికీ నమస్కారం. మా ల్యాబులో కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాళ్ల కోసం టెన్సైల్ టెస్ట్ పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. మిషను ఎలా నడపాలి, రాడ్డును దవడల్లో ఎలా బిగించాలి, ఇవన్నీ తేలిగ్గానే వచ్చేశాయి. ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాను. లాగగా లాగగా చివరికి రాడ్డు రెండు ముక్కలవుతుంది కదా, అప్పుడు 'తెగింది' అని రాయాలా, 'విరిగింది' అని రాయాలా? కుర్రాళ్లను అడిగితే 'బ్రేక్ అయింది' అంటారు. ఒకడు మాత్రం 'ఇరిగింది సార్' అన్నాడు.

ఈ పరీక్ష ఎప్పుడూ చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రాడ్డు ముక్కను రెండు కొసల దగ్గర దవడలు పట్టుకుంటాయి, యూటీఎం అనే మిషను మెల్లగా లాగుతుంది. ఎంత బలానికి ఎంత సాగిందో పక్కన గీత పడుతూ ఉంటుంది. మన ఇళ్ల స్లాబుల్లో వేసే 12 ఎంఎం రాడ్డునే తీసుకోండి. అడ్డంగా కోస్తే దాని వైశాల్యం సుమారు 113 చదరపు మిల్లీమీటర్లు. ఎఫ్‌ఈ 500డి రకమైతే, ఐఎస్ 1786 అనే భారత ప్రమాణం ప్రకారం చదరపు మిల్లీమీటరుకు కనీసం 500 న్యూటన్ల వరకు లొంగకూడదు. మొత్తం రాడ్డు మీద అది దాదాపు 5.8 టన్నుల బరువు. ఆ పైన చేతులెత్తేసే లోపు చదరపు మిల్లీమీటరుకు కనీసం 565 న్యూటన్లు, అంటే మొత్తం రాడ్డు మీద ఆరున్నర టన్నులు మోయాలి. లాగక ముందే రాడ్డు మీద 60 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెడతాం. ముక్కలైన తర్వాత రెండింటినీ ఆనించి కొలిస్తే ఆ దూరం కనీసం 69.6 ఉండాలి. 16 శాతం సాగాలన్న మాట.

నాకైతే 'తెగింది' అనే రాయాలనిపిస్తోంది. 'తెగేదాకా లాగకు' అంటారు కదా, మేం జీతం తీసుకునేదే తెగేదాకా లాగడానికి. కానీ వేమన అడ్డొస్తున్నాడు. 'ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు' అన్నాడు. తెగితే అనలేదు. పెద్దలు ఏమంటారు?

తెలుగు టీచర్, నల్లకుంట:

మంచి ప్రశ్నండీ. వేమన దగ్గరికి తర్వాత వద్దాం. వస్తువు ముక్కలు కావడానికి మనకు ఒక క్రియ కాదు, ఓ పెద్ద కుటుంబమే ఉంది. దారం, తాడు, తీగ, మాంజా, చెప్పు తెగుతాయి. కొమ్మ, కర్ర, ఎముక, కుర్చీ కాలు విరుగుతాయి. కుండ, అద్దం, తల పగులుతాయి. గుడ్డ, కాగితం చిరుగుతాయి. పెదవి చిట్లుతుంది. వీటిలో ఒకదాని చోట ఇంకొకటి వేస్తే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. 'అద్దం తెగింది' అని చూడండి.

నాకు తోచినంతలో, ఎటు పడితే అటు వంగి వేలాడేది తెగుతుంది, తనంతట తాను నిలబడేది విరుగుతుంది. ఆ లెక్కన మీ 12 ఎంఎం రాడ్డు విరగాలి. అది తాడులా వేలాడదు కదా.

లేత్ పని, జీడిమెట్ల:

మేడమ్, మరి బండి చైను సంగతి? చైనులో ఒక్కో లింకు గట్టి ఉక్కు. చేత్తో వంచితే వంగదు. అయినా చైను తెగింది అనే అంటం, ఇరిగింది అని ఎవ్వరూ అనరు. క్లచ్ వైరు తెగుతది. యాక్సిల్ ఇరుగుతది. బేరింగు పలుగుతది. మా షెడ్డుల ఎవరినన్న అడగండి, ఇట్లనే చెప్తరు.

వస్తువు ఎట్లుందో కాదు, దాన్ని ఏం చేసినమో చూడాలె. లాగితే తెగుతది, వంచితే ఇరుగుతది, కొడితే పలుగుతది. వాళ్లు లాగుతున్నరు కాబట్టి తెగిందనే రాయమనండి.

తెలుగు టీచర్, నల్లకుంట:

చైను ఉదాహరణ గట్టిదే అన్నా. దానికి ఇంకోటి కలుపుతాను. మీవైపు పూలు తెంపుతారు, మా కోస్తావైపు పూలు కోస్తారు. బతుకమ్మకు తంగేడు పూలు తెంపుకొచ్చారంటే అందులో చేత్తో పట్టి లాగడం ఉంది, కోయడంలో అంచు ఉంది. తెగు, తెంచు, తెంపు ఒకే కుదురు మాటలు. 'బేరం తెగలేదు' అనడంలోనూ ఇద్దరు చెరోవైపు లాగుతూనే ఉన్నారు. అయితే 'చెరువు కట్ట తెగింది' అన్నప్పుడు లాగిందెవరు? అక్కడ నీళ్లు తోశాయి. కాబట్టి లాగడం ఒక్కటే సూత్రమంటే నేను వెంటనే తల ఊపలేను.

రిటైర్డ్ మెటలర్జిస్టు, సైనిక్‌పురి:

ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. కానీ ఒక లోహాన్ని మరిచిపోయారు. పోత ఇనుము. అదే మిషనులో, అవే దవడల్లో, అదే విధంగా లాగండి. ఏమీ సాగదు. గీత పైకి వెళుతూ వెళుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముక్కలను ఆనిస్తే మొదటి పొడవే దాదాపుగా వస్తుంది. విడిపోయిన ముఖం బల్లపరుపుగా, గరుకుగా, బూడిదరంగులో ఉంటుంది. లాగినంత మాత్రాన దీన్ని 'తెగింది' అంటే నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎవరు చూసినా 'టప్పున విరిగింది' అనే అంటారు.

మెత్తటి ఉక్కు దారి వేరు. మొదట బలానికి తగ్గట్టు కొద్దికొద్దిగా సాగుతుంది. ఒకచోట లొంగిపోతుంది. తర్వాత మళ్లీ బిగుసుకుని ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. గరిష్ఠ బలం దాటాక అసలు వింత మొదలవుతుంది. అంతవరకు రాడ్డు పొడవునా సమానంగా సాగినది, ఇక ఒక్కచోటే సన్నబడుతుంది. ఇంగ్లీషులో దాన్ని మెడతో పోల్చి నెక్కింగ్ అన్నారు. నాకైతే నడుము అనే మాట ఇంకా బాగా కుదురుతుంది. అక్కడ లోపల నడిమధ్యన కంటికి కనిపించనంత చిన్న ఖాళీలు పుట్టి, ఒకదాంతో ఒకటి కలిసి, మధ్యభాగం ముందుగా విడిపోతుంది. చుట్టూ మిగిలిన అంచు ఆఖరున ఇంచుమించు 45 డిగ్రీల వాలుగా జారి ఊడుతుంది. అందుకే ఒక ముక్కకు గుంట, రెండోదానికి గుబ్బ వస్తాయి. ఇదీ తెగడమంటే.

వంటింట్లో బెల్లం పాకం పట్టేవాళ్లకు ఇది కొత్త కాదు. తీగపాకంలో వేళ్ల మధ్య సాగి సాగి సన్నబడి తెగుతుంది. అదే పాకం బాగా ముదిరి చల్లారితే ముక్కగా విరుగుతుంది. బెల్లం అదే, దాని స్థితి మారింది. ఉక్కు కూడా అంతే, చలి ఎక్కువైతే కొన్ని ఉక్కులు సాగే గుణాన్ని పోగొట్టుకుంటాయి. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో స్కెనెక్టడీ అనే కొత్త ఆయిల్ ట్యాంకరు కట్టినచోటనే, నీళ్లలో ఊరికే నిలబడి ఉండగా నడిమికి రెండయింది. దానికి మాత్రం తెగు, విరుగు రెండూ చాలవు. ఓడ పగిలింది.

కాబట్టి నా మాట ఇది: సాగాకనే తెగడం. సాగకుండా రెండయితే, ఎంత లాగినా అది విరగడమే.

టెస్టింగ్ ల్యాబ్, బాలానగర్:

సార్, ఈ ఒక్క కామెంటుతో నా పని సగం అయిపోయింది. లాగడం అనే పనిని, సాగడం అనే గుణాన్ని మీరు విడదీశారు. జీడిమెట్ల అన్న చెప్పింది పని గురించి, మీరు చెప్పింది గుణం గురించి. మా రిపోర్టుకు రెండోదే కావాలి. పని ఎప్పుడూ ఒకటే కదా, అన్నింటినీ లాగుతాం.

ఇదే ఊపులో ఇంకో సంగతి. పరీక్షలో అన్నింటికంటే కుర్రాళ్లను తికమక పెట్టేది ఈల్డ్, అంటే రాడ్డు లొంగే చోటు. రాడ్డు కొంత బలం వరకు సాగి, వదిలేస్తే మొదటి పొడవుకు వచ్చేస్తుంది. ఆ హద్దు దాటాక వదిలినా పూర్తిగా వెనక్కి రాదు. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని చాలా ఆలోచించాను. మన భాషలోనే ఉంది! లాగుతున్నప్పుడు లాస్టిక్ 'సాగింది' అంటాం. వాడి వాడి వదులైతే 'సాగిపోయింది' అంటాం. ఆ 'పోయింది'లోనే తిరిగి రాదన్న అర్థం మొత్తం ఉంది. అందుకే నా కాగితంలో ఈల్డ్‌కు ఎదురుగా 'సాగిపోవడం మొదలయ్యే చోటు' అని రాశాను. లొంగిన చోటు స్పష్టంగా కనపడని రకాలకు 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ అంటాం కదా, అంటే పొడవులో 0.2 శాతం సాగిపోవడానికి పట్టే బలం. ఇలా చెప్పాక ఒక్కడూ మళ్లీ అడగలేదు.

సివిల్ సైటు, మియాపూర్:

అన్నా, చర్చ బాగానే ఉంది కానీ సైటులో మాకు దీనితో ఏం పని అనుకునేవాళ్లకు ఒక మాట. 500 పక్కన ఉన్న 'డి' అక్షరమే మీరు మాట్లాడుతున్న సాగుడు. డి అంటే డక్టిలిటీ. ఉత్త ఎఫ్‌ఈ 500 రాడ్డు 12 శాతం సాగితే పాస్, 500డి అయితే 16 శాతం సాగాలి. బలం రెండింటికీ ఇంచుమించు ఒకటే. భూకంపం వస్తే బిల్డింగు ఊగుతుంది. అప్పుడు రాడ్డు సాగుతూ ఆ దెబ్బను మింగాలి. సాగకుండా విరిగితే లోపలివాళ్లకు బయటికి పరిగెత్తే టైము కూడా ఉండదు. కొనేటప్పుడు అందరూ 'ఎంత స్ట్రాంగ్' అని అడుగుతారు, 'ఎంత సాగుతుంది' అని అడిగే ఇంటి ఓనరును నేనింకా చూడలేదు.

రాడ్డును వంచి చూసే పరీక్ష కూడా ఉంది కదా. అందులో వెతికేది వంపు బయటివైపు పగుళ్లు వచ్చాయా లేదా అని. అక్కడ మళ్లీ 'పగులు' వచ్చింది చూడండి.

తెలుగు టీచర్, నల్లకుంట:

డక్టిలిటీకి బడి పుస్తకంలో 'తాంతవత' అని ఉంది. తంతువుగా, అంటే తీగగా సాగే గుణం. టెన్షన్‌కు 'తన్యత'. నీటి సర్ఫేస్ టెన్షన్‌ను తలతన్యత అని చదువుకున్నాం కదా. రెండింటికీ సంస్కృతంలో సాగదీయడమనే అర్థమున్న 'తన్' ధాతువే మూలం. తంతి, తంత్రి అక్కణ్నుంచే వచ్చాయి. లాటిన్ నుంచి వచ్చిన టెన్షన్ దానికి దూరపు చుట్టమే. కాబట్టి హైదరాబాదులో అందరూ తీసుకునే టెన్షన్, బాలానగర్‌లో రాడ్డు తీసుకునే టెన్షన్ ఒకే ఇంటివి.

స్ట్రెయిన్‌కు 'వికృతి' అని పెట్టినవారి మీద మాత్రం నాకు చిన్న కోపం ఉంది. ప్రకృతి–వికృతి చదివిన పిల్లలు ఫిజిక్సు క్లాసులో ఆ మాట వినగానే 'ఆకాశం – ఆకసం' అని మొదలుపెడతారు.

ఇప్పుడు వేమన. ఆ పద్యంలో ఇనుము సాక్ష్యం చెప్పడానికి వచ్చింది, అసలు కక్షిదారు మనసు. మూడో పాదం 'మనసు విరిగెనేని' కదా. తెలుగులో బంధం తెగుతుంది, మనసు విరుగుతుంది. రెండుచోట్లా ఒకే క్రియ ఉంటేనే పద్యం నిలుస్తుంది, కాబట్టి ఇనుము కూడా మనసు ఇష్టప్రకారం విరగాల్సిందే. ఛందస్సు సంగతీ చూడండి. అది ఆటవెలది, మొదట మూడు సూర్యగణాలు కావాలి. ఇనుము, విరిగె, నేని అని చక్కగా వచ్చాయి. 'ఇనుము తెగెనేని' అంటే రెండో గణమే కుదరదు. 'ఇనుమారు' అంటే రెండుసార్లు. ఇనుమడించడంలో ఉన్న 'ఇను'యే అది, లోహం కాదు. ఇనుము పక్కన ఇనుమారు పెట్టడంలో ఆయన సరదా కనిపిస్తుంది.

రిటైర్డ్ మెటలర్జిస్టు, సైనిక్‌పురి:

మేడమ్ చెప్పినదానికి లోహం వైపు నుంచి కూడా బలం ఉంది. అప్పటి ఊళ్లలో ఇనుమంటే నాగటి కర్రు, గడ్డపార, కొడవలి. వాటిని ఎవరూ లాగరు. అవి వంగుడుకీ దెబ్బకీ పోతాయి, అంటే విరుగుతాయి. కొలిమిలో ఎర్రగా కాచి సుత్తితో కొట్టి అతికించడం కమ్మరి రోజూ చేసే పని. 'కాచి యతుకవచ్చు' అన్నది చూసి రాసిన మాట.

పైగా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఉండేది. కత్తులకని పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు, మన 'ఉక్కు'నే వాళ్ల నోట అలా పలికిందని చాలామంది అంటారు. అందులో కార్బను ఒకటిన్నర శాతం అటూ ఇటూ. ఇప్పటి 500డి రాడ్డులో 0.25 శాతం దాటకూడదు. అంత కార్బనున్న ఉక్కు అంచుకు మహా పదును, కానీ ఆరున్నర టన్నులకు నడుము సన్నబడి నెమ్మదిగా తెగే రకం కాదు.

టెస్టింగ్ ల్యాబ్, బాలానగర్:

అయితే కాగితంలో ఇలా పెడుతున్నాను. సన్నబడి విడిపోతే 'సాగి తెగింది', సన్నబడకుండా విడిపోతే 'సాగకుండా విరిగింది'. దవడల దగ్గరే పట్టు చోట పోతే ఏ మాటా వద్దు, 'మళ్లీ చేయాలి' అని రాస్తారు. ఇంగ్లీషు రిపోర్టు ఎలాగూ ఇంగ్లీషులోనే వెళుతుంది, ఇది మిషను పక్కన గోడకు అంటించడానికి.

లేత్ పని, జీడిమెట్ల:

మంచిగుంది. మరి మెలిపెడితే? షాఫ్టు తిరిగి తిరిగి పోతది కదా, దానికి ఏం రాస్తరు?

రిటైర్డ్ మెటలర్జిస్టు, సైనిక్‌పురి:

మెత్తటి ఉక్కు షాఫ్టు అయితే అడ్డంగా, కోసినట్టు నున్నగా పోతుంది. పోత ఇనుమైతే 45 డిగ్రీల్లో మెలిక తిరిగిన ముఖంతో పోతుంది. క్రియ మాత్రం మీరే చెప్పాలి, రోజూ చూసేది మీరు.

లేత్ పని, జీడిమెట్ల:

మేమైతే రెండింటికీ 'మెలిపడి ఇరిగింది' అంటం సార్. తెగింది అన్నోడిని నేనింతవరకు ఇనలేదు.