లాస్ పాల్మాస్‌లో పెద్రీ ఎలా ఆడేవాడు? చూసినవారు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా వీధి పిల్లలకు సాయంత్రం ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. వాళ్లకు స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెద్రీ తొలినాళ్ల ఆట వివరించాలని ఉంది.

తెనెరీఫె ద్వీపంలోని తెగెస్తెలో పెరిగిన ఆ కుర్రాడు 2019 ఆగస్టులో, 16 ఏళ్లకే, లాస్ పాల్మాస్ క్లబ్బు తరఫున స్పెయిన్ రెండో డివిజన్‌లో అడుగుపెట్టాడు. నెల తిరగకముందే బార్సెలోనా 50 లక్షల యూరోలకు ఒప్పందం కుదుర్చుకుంది. అయినా ఆ సీజనంతా పాత క్లబ్బులోనే ఆడాడు. నాకు కావలసింది సరిగ్గా ఆ ఏడాది సంగతే.

కోచ్ పెపె మెల్ అతన్ని ఎక్కువగా ఎడమ అంచున ఆడించాడా, స్ట్రైకర్ వెనుకనా? బంతి కాలికి చేరకముందే భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూసుకుంటాడే, ఆ అలవాటు అప్పటికే ఉందా? నాకు దొరికినవన్నీ గోల్స్ వీడియో ముక్కలే. వాటిలో ఆ చూపు కనబడదు. పూర్తి మ్యాచ్‌లు చూసినవారు దయచేసి చెప్పండి.

ఇంకొకటి. 2020-21లో యూరో కప్, టోక్యో ఒలింపిక్స్‌తో కలిపి 70కి పైగా మ్యాచ్‌లు ఆడాడు, ఆ వెంటనే తొడ కండరం గాయపడింది. 15, 16 ఏళ్ల పిల్లలకు వారానికి ఎన్ని మ్యాచ్‌లు పెట్టవచ్చు? అనుభవమున్న కోచ్‌లు, ఫిజియోలు సలహా ఇస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.