ఉష్ణ నిరోధక పొర స్లాబు పైన వేయించాలా, లోపల వేయించాలా?

కొత్త ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడింది. ప్లాస్టరింగు ఇంకా మొదలు కాలేదు. ఏసీ వాడకం తగ్గేలా వేడిని అడ్డుకునే పొర వేయించడానికి ఇదే సమయమని నా నమ్మకం. ఆలస్యమైతే చేసిన పనే మళ్లీ పగలగొట్టాలి.

నా ఆందోళనంతా పైకప్పు గురించే. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని గదుల్లోకి వదులుతూనే ఉంటుంది. అందుకే స్లాబు పైన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి ప్లాస్టిక్ నురుగు) షీట్లు పరిచి, వాటి మీద పలుచగా కాంక్రీటు, ఆపైన తెల్లటి టైల్స్ వేయిద్దామనుకుంటున్నాను. స్లాబు వేడెక్కకముందే ఆపడం మేలు కదా! మేస్త్రి మాత్రం లోపల ఫాల్స్ సీలింగ్ మీద గ్లాస్ వూల్ (గాజు పీచు) పరిస్తే చాలంటున్నారు. అలా చేస్తే స్లాబుకు ఎండ దెబ్బ తప్పదు. రోజూ వ్యాకోచించి, సంకోచించి పగుళ్లిస్తుందేమోనని నా భయం.

వాటర్‌ప్రూఫింగు షీట్ల కింద ఉండాలా, పైన ఉండాలా? కింద ఉంటే ఎండ తగలక ఎక్కువకాలం మన్నుతుంది, కానీ అతుకుల్లోంచి దిగిన నీరు బయటికి పోయే దారేది? పిట్టగోడ స్లాబును కలిసే చోట ఈ షీట్ల పొర ఎలాగూ ఆగిపోతుంది. అక్కడినుంచి వేడి దిగకుండా మీరేం చేశారు?

గోడల్లో పడమటి గోడ ఒక్కదానికి చేయిస్తే సరిపోతుందా?

ఇలాంటి పని చేయించి రెండు మూడు వేసవులు గడిపినవారు దయచేసి మీ అనుభవం చెప్పండి. పైకప్పు పని వచ్చే వారమే మొదలవుతుంది.