‘లైటు తీసెయ్యి’ అంటే ఆర్పడమా, ఊడదీయడమా?

కావలిలో మా ఇంటి హాల్లో, ఫ్యాను కింద గాజు రేకుల అలంకార దీపం ఒకటి పోయిన వారం పెట్టించుకున్నాము. బిగింపు పూర్తయి, వెలిగించి చూస్తుండగా, వెలుతురు కళ్లలో కొడుతున్నదని మా అమ్మ “నాయనా, ఆ లైటు తీసెయ్యి” అన్నది. ఆర్పమని ఆమె ఉద్దేశం. కరెంటు పని చేసే కుర్రవాడు “అట్లాగేమ్మా” అంటూ మళ్లీ స్టూలెక్కి, దీపపు గిన్నె అంచున ఉన్న మూడు మరల్లో రెండింటిని విప్పేశాడు.

ఈ తికమక ‘తీయు’కే కాదు, ‘వేయు’కూ ఉన్నది. “ఫ్యానుకు లైటు వేయించాము” అంటే బిగించడం, “లైటు వెయ్యి” అంటే స్విచ్చు నొక్కడం. తలుపు, గడియ, తాళం దగ్గర వేయడమంటే మూయడం, తీయడమంటే తెరవడం కాగా, స్విచ్చు దగ్గరకు వచ్చేసరికి వేయడం పని మొదలుపెట్టడమైంది. నూనె దీపాన్ని పెడతాము, వెలిగిస్తాము, ముట్టిస్తాము గానీ ఎన్నడూ ‘వేయము’ కదా. ఈ వాడుక కరెంటుతోపాటు వచ్చినదే అని నా ఊహ. ‘ఆర్పు’ అనే స్పష్టమైన మాట ఉండగా అమ్మ దాన్ని ఎందుకు వాడలేదో మాత్రం నాకు తెలుసు. దీపం ఆరిందనడం అశుభమని, కొండెక్కిందనే అనాలని నేర్చి పెరిగిన మనిషి ఆమె. బల్బుకూ ఆ మర్యాదే దక్కింది.

ఇది చదివి ఒంగోలు నుంచి ఒకరిచ్చిన జవాబు:
‘ఫ్యానుకు లైటు’ అనడంలోనూ ఒక చిక్కున్నదండీ. మన సీలింగు ఫ్యానులో నడిమి ఇరుసు కదలదు; దాని చుట్టూ ఉన్న డొప్పే రెక్కలతో కలిసి తిరుగుతుంది. దీపాన్ని డొప్పకు తగిలిస్తే అదీ తిరుగుతుంది గనుక, బోలు ఇరుసు కిందిదాకా వచ్చి, దాని లోపలి నుంచి తీగ దించే వీలున్న ఫ్యానుకే ఈ పని కుదురుతుంది. కాబట్టి ‘ఇరుసుకు బిగించాము’ అంటే సందేహం ఉండదు. ఇంతకీ లైటుకు వేరే తీగ, వేరే స్విచ్చు ఇచ్చారా?

నా జవాబు:
లేదండీ. పాత ఇల్లు కావడంతో కొక్కెం దాకా ఒకే స్విచ్చు తీగ ఉన్నది, ఫ్యాను వేస్తే లైటూ వెలుగుతున్నది. ఫ్యాను తిరుగుతుండగా లైటొక్కటే తీసెయ్యాలంటే ఊడదీయడం తప్ప దారి లేదు. ఆ కుర్రవాడు చేసినదే సరైనదని అమ్మకు ఇంకా చెప్పలేదు.