ఎనిమిదింటికి స్టడీ అవర్ సరే, పిల్లలు ఏం తిని వస్తున్నారు?

లెక్కల మేష్టారు:
మాది విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్. ఊరి పేరు చెప్పను, చెబితే రేపే నా టేబుల్ మీద మెమో ఉంటుంది. టెన్త్ పిల్లలకి డిసెంబరు నుంచి పొద్దున్న ఎనిమిదికి స్టడీ అవర్ మొదలు, సాయంత్రం ఆరుకి గాని వదలడం లేదు. పోయిన గురువారం ప్రేయర్‌లో మా క్లాసు అమ్మాయి ఒకతి నిలుచున్నది నిలుచున్నట్టే పడిపోయింది. మొహం మీద నీళ్లు కొట్టి, అరుగు మీద కూర్చోబెట్టి, పొద్దున్న ఏం తిన్నావమ్మా అని అడిగాను. "టీ తాగాను సార్, రెండు బిస్కెట్లు" అంది. అదీ ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని.

క్లాసుకి వెళ్లి, తిని వచ్చినవాళ్లు చేతులెత్తండి అన్నాను. 41 మందిలో 13 చేతులు లేచాయి. మిగతావాళ్ల ఇళ్లలో అమ్మానాన్నలు ఆరింటికే పనిలోకి పోతారు, కొందరివాళ్లు హైదరాబాద్, చెన్నై వలస వెళ్లారు. ఇంట్లో ముసలి అమ్మమ్మ ఉంటుంది. చద్దన్నం, తరవాణి మిగిలే ఇళ్ల పిల్లలే మా క్లాసులో కాస్త గట్టిగా ఉన్నారు.

స్టాఫ్ రూంలో నేనడిగింది ఒకటే. వారానికి మూడు రోజులు వచ్చే చోడి (రాగి) జావని ఆ రోజుల్లో ఎనిమిదికే ఇద్దాం, స్టడీ అవర్ అరగంట తగ్గిద్దాం. తొమ్మిది మంది వద్దన్నారు, నలుగురు ఊఁ అన్నారు. "మనది బడి, సత్రం కాదు" అని ఒక మాట కూడా పడింది. తప్పు నాదేనా?

బొబ్బిలి రిటైర్డ్ హెచ్ఎం:
మేష్టారూ, మీ మనసు మంచిదే, కాదనను. కానీ 31 ఏళ్లు చాక్‌పీసు పట్టుకున్నవాడిగా చెబుతున్నా. టీచరు నెత్తి మీద ఇప్పటికే ఎన్ని ఉన్నాయో లెక్కేశారా? గుడ్లు లెక్కపెట్టాలి, చిక్కీలు లెక్కపెట్టాలి, మొన్నమొన్నటిదాకా బాత్‌రూం కడిగిన ఫొటో కూడా అప్‌లోడ్ చేశారు, మాత్రలు మింగించి రిజిస్టర్లో టిక్కు పెట్టాలి. ఇందుకా బీఈడీ చదివింది? ఆరోగ్యానికి ఒక శాఖ ఉంది, ఇంటికి తల్లిదండ్రులు ఉన్నారు. పేదింటి పిల్లకి ఈ లోకంలో సొంతంగా ఉండేది మార్కుల మెమో ఒక్కటే. పొద్దున్న ఆ గంట కూర్చోబెట్టే నేను ఎందరినో 35 గీత దాటించాను. అందులో అరగంట కోస్తే కోసేది వెనకబడిన పిల్లవాడి గొంతే.

జామి ఆటోవాడు:
హెచ్ఎం గారి మాట కరెక్టు. మా పాప అలాంటి స్టడీ అవర్ల వల్లే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు కొట్టింది. అక్కడ సీటు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు, సర్కారు బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు కూడా. ఒక్క మార్కు తేడాతో పోయినవాళ్లని చూశాను. జావ ఇంటర్లో కూడా తాగొచ్చు.

ఏఎన్ఎం అక్క:
ఆటో అన్నయ్యా, మీ పాపకి పొద్దున్న ఎవరో ఒకరు వండి పెట్టారు కదా? ఆ సంగతి మర్చిపోకండి.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఆరోగ్య సబ్ సెంటర్లో నర్సుగా పనిచేస్తాను. బడి పిల్లలకి వారానికొక నీలం ఐరన్ మాత్ర ఇస్తాం. కాగితం మీద నూటికి నూరు మందీ మింగినట్టే. ఒకరోజు నేను చేతులు కడుక్కుందామని ఒక హైస్కూల్ వెనక్కి వెళ్తే, కుళాయి దగ్గర కాలవలో నీలం రంగు పారుతోంది. వంగి చూస్తే మాత్రలు! కొన్ని చప్పరించి ఉమ్మేసినవి, కొన్ని చెక్కు చెదరనివి. పిల్లల్ని తిట్టాలని పోయాను, తిట్టలేకపోయాను. ఎందుకంటే ఆ మాత్ర భోజనం చేశాక వేసుకోవాలి. మా హడావిడికి మేం పదింటికి పంచేసి పోయేవాళ్లం. ఖాళీ కడుపున పడితే వికారం వస్తుంది, కొందరికి వాంతి కూడా. ఒక్క పిల్ల వాంతి చేసుకుంటే చాలు, ఆ ఏడాదంతా ఆ క్లాసులో ఒక్కరూ మింగరు. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక, నా కళ్లముందే వేయిస్తున్నాను. ఆ వెంటనే టీ తాగొద్దని చెబుతాను, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండుకుంటే మంచిది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ లెక్కలో టెన్త్, ఇంటర్ పిల్లలూ ఉన్నారు. ఇలాంటి పిల్ల మూడో బెంచీలో కునుకు తీస్తే "శ్రద్ధ లేదు" అని రాస్తారు మీ డైరీలో. దానికి మెట్లెక్కితేనే ఆయాసం.

లెక్కల మేష్టారూ, పడిపోయిన అమ్మాయికి రక్త పరీక్ష చేయించారా?

లెక్కల మేష్టారు:
లేదమ్మా. తట్టలేదు.

బొబ్బిలి రిటైర్డ్ హెచ్ఎం:
చూశారా? నేనన్నదీ అదే. అది మేష్టారికి తట్టే పని కాదు, ఏఎన్ఎం గారికి తట్టే పని. ఎవరి పని వాళ్లు చేస్తే సరిపోయేది.

ఏఎన్ఎం అక్క:
నాకు తట్టాలంటే ముందు నాకు తెలియాలి కదండీ. పిల్లని రోజూ చూసేది మీరు. నేను వారానికోసారి వస్తాను.

ఉద్దానం కుర్రాడు:
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న వైపు. నాన్నకి డయాలసిస్. ఇది సానుభూతి కోసం చెప్పడం లేదు, నీళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదని రాస్తున్నా.

మా వైపు కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లూ వచ్చాయి. నేను చదువుకునే రోజుల్లో మాత్రం బోరు నీళ్లే. పెద్దవాళ్లు నీళ్లలోనే ఏదో ఉందని అనుకోవడం విని మేం బళ్లో నీళ్లు తాగడమే మానేశాం. ఇంట్లో పొద్దున్న ఒక గ్లాసు, మళ్లీ సాయంత్రం ఇంటికెళ్లాకే. మార్చిలో కూడా అంతే. రెండో పీరియడ్‌కి తలపోటు వచ్చేది, బోర్డు మీద అక్షరాలు ఈదేవి. ఏ మేష్టారూ అడగలేదు, మేమూ చెప్పలేదు. నీళ్లు మానేయడం కిడ్నీకి ఇంకా చేటని డిగ్రీకి వచ్చాక గాని తెలియలేదు.

కేరళలో 2019లోనే పిల్లలకి నీళ్లు తాగడం గుర్తుచేయడానికి బళ్లలో నీళ్ల గంట పెట్టారు. ఎండాకాలం మన దగ్గరా కొట్టమన్నారు. గంట కొడతారు సరే, మంచి నీళ్లు ఎక్కడున్నాయో కూడా చూపించాలి కదా.

రాజాం అమ్మ:
తమ్ముడూ, ఆడపిల్లల సంగతి నేను చెబుతా విను. మా అమ్మాయి బాటిల్ నిండుగా తీసుకెళ్తుంది, సాయంత్రం నిండుగానే తెస్తుంది. ఎందుకే తాగలేదు అంటే "తాగితే వెళ్లాలి కదమ్మా" అంది. వెళ్తే ఏమైందే అంటే, తలుపుకి గడియ లేదట. ఒకతి లోపలికి వెళ్తే ఇంకొకతి బయట చున్నీ పట్టుకుని కాపలా. తోడు దొరకని రోజు ఆపుకోవడమే. టైల్స్ ఉన్నాయి, ట్యాంకు ఉంది, గోడ మీద బొమ్మలున్నాయి. 2021లో నెలకి పది ప్యాడ్లు ఇవ్వడం కూడా మొదలుపెట్టారు, బాగుంది. మార్చుకునే చోట గడియ లేకపోతే ఆ పిల్ల ఆ మూడు రోజులూ ఇంట్లోనే కూర్చుంటుంది. బాత్‌రూం ఫొటోలు తీసిన రోజుల్లో కూడా తలుపు తెరిచే తీశారు కదా, గడియ ఎలా కనబడుతుంది?

పీఈటీ సార్:
మీరంతా తిండి, నీళ్లు అంటున్నారు. నా పీరియడ్ సంగతో? డిసెంబరు వస్తే టెన్త్ గేమ్స్ పీరియడ్ సోషల్ మేడం తీసుకుంటారు, ఫిబ్రవరికి తొమ్మిదో తరగతిది కూడా. మనది కొండవెలగాడ ఉన్న జిల్లా అండీ, ఆ ఊళ్లో బరువులెత్తని ఇల్లు వెతుక్కోవాలి. పక్కనే ఆమదాలవలస, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊరు.

జామి ఆటోవాడు:
ఆవిడ మీ గేమ్స్ పీరియడ్‌లో ఎత్తలేదు కదా సార్.

పీఈటీ సార్:
ఎత్తలేదు, నిజమే. నేనూ పతకాల కోసం అడగడం లేదు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా బెంచీ మీద కూర్చుని చూడండి మీరు, ఆటో సీటు కూడా కాదు, చెక్క బెంచీ. నాలుగు గంటలకి ఇరవై నిమిషాలు కబడ్డీ ఆడించి పంపితే ఐదింటి క్లాసులో పిల్లలు మెలకువగా ఉంటారు. ఇది నేను చదివింది కాదు, చూసింది.

వంట ఆయా కూతురు:
అందరూ జావ ఎనిమిదికి ఇవ్వాలా తొమ్మిదికి ఇవ్వాలా అని కొట్టుకుంటున్నారు. కాచేది ఎవరండీ?

మా అమ్మ బళ్లో వండుతుంది. నెలకి మూడు వేలు గౌరవ వేతనం, అదీ ఏ నెలది ఏ నెలలో పడుతుందో దేవుడికే ఎరుక. సరుకుల బిల్లు రాకపోతే కొట్లో అప్పు పెట్టి పప్పు తెస్తుంది. ఎనిమిదికి జావ ఇవ్వాలంటే ఆరున్నరకి పొయ్యి దగ్గర ఉండాలి. అంటే మా తమ్ముడికి ఇంట్లో టిఫిన్ ఉండదు. వాడూ టెన్తే. మేష్టారి మంచితనానికి ఖర్చు మా అమ్మ కట్టాలా? పాలకొండ దాటి ఏజెన్సీ వైపు వెళ్తే ఇంకా ఘోరం, కట్టెలు తెచ్చుకునేది కూడా వాళ్లే.

పెట్టొద్దనడం లేదు. తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న పొద్దున్న టిఫిన్ పథకం మొదలైంది. అక్కడ టిఫిన్ అంటే దానికి వేరే మనుషులు, వేరే డబ్బు. అదీ చిన్న తరగతులకే, టెన్త్‌కి కాదు. మన దగ్గర 2025 జనవరిలో జూనియర్ కాలేజీలకి కూడా మధ్యాహ్న భోజనం ఇచ్చారు, చాలా మంచిది. పొద్దున్నది కూడా అలాగే ఎవరైనా జీఓ ఇచ్చి, జీతమిచ్చి పెట్టాలి. స్టాఫ్ రూంలో చేతులెత్తి కాదు.

లెక్కల మేష్టారు:
తల్లీ, నువ్వు అన్నది నిజం. నేను అమ్మని అడగకుండానే స్టాఫ్ రూంలో మాట్లాడాను. అది నా తప్పే.

(పన్నెండు రోజుల తర్వాత)

లెక్కల మేష్టారు:
ఏం జరిగిందని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకని రాస్తున్నా.

జావ మాట వదిలేశాను. స్టడీ అవర్ ఎనిమిదిన్నరకి జరిపారు. మా బడి హెచ్ఎం గారు ఒప్పుకున్నది ఆరోగ్యం గురించి కాదులెండి, చలికి సగం మంది ఎలాగూ లేటుగా వస్తున్నారు కాబట్టి. పిల్లలు ఏది ఉంటే అది క్యారేజీలో తెచ్చుకుని వరండాలో కూర్చుని తింటున్నారు. ఎక్కువమందిది చద్దన్నం, ఉల్లిపాయ. ఒకడు మాత్రం రోజూ చింతచెట్టు వెనక నిలబడి అందరూ తిన్నాకే వచ్చేవాడు. నేను చూడనట్టు నటించాను. నాలుగో రోజు మా క్లాసు లీడరు క్యారేజీ పట్టుకుని వాడి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

మార్కులా? స్లిప్ టెస్టులో ఏమీ పెరగలేదు. ఆ మాట హెచ్ఎం గారు నాతో రెండుసార్లు అన్నారు. ఫస్ట్ పీరియడ్‌లో ఆఖరి బెంచీ నిద్రపోవడం మాత్రం తగ్గింది.

రాజాం అమ్మగారూ, మీరు రాసింది చదివి మా బళ్లో ఆడపిల్లల టాయిలెట్లు వెళ్లి చూశాను. ఇక్కడ పనిచేసిన ఇన్నేళ్లలో అటు వెళ్లడం అదే మొదటిసారి. నాలుగింటిలో రెండింటికి గడియలు లేవు. కొని బిగించాం.

ఏఎన్ఎం గారూ, ఆ అమ్మాయికి పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. వాళ్ల అమ్మ సోమవారం కూలి మానుకుని పీహెచ్‌సీకి వస్తానంది.

ఏఎన్ఎం అక్క:
ఆ వయసుకి 12 ఉండాలి మేష్టారూ. వారానికొక మాత్రతో సరిపోదు, డాక్టరు గారికి తప్పకుండా చూపించండి. నట్టల మాత్ర వేశారో లేదో కూడా అడగండి.

బొబ్బిలి రిటైర్డ్ హెచ్ఎం:
నా అభిప్రాయం మారలేదు. అది టీచరు పని కాదు.

ఆ గడియలు ఎంత పడ్డాయి? మా మనవరాలి బళ్లో కూడా లేవట.