కాశీలో తొమ్మిది నిద్రలు, మధ్యలో ఒక పూట ఖాళీ: భారత్ కళా భవన్‌కి వెళ్లొచ్చా?

తణుకు_సీను:
అందరికీ నమస్కారం. అమ్మానాన్నల్ని తీసుకుని వచ్చే నెల కాశీ వెళ్తున్నాం, తొమ్మిది నిద్రలు చెయ్యాల్సిందే అని నాన్న పట్టుబట్టారు. మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రా ఆశ్రమంలో రూమ్ దొరికింది. దర్శనాలు, పిండ ప్రదానాలు, సారనాథ్ అన్నీ ప్లాన్‌లో ఉన్నాయి, బీహెచ్‌యూలో, అదే బనారస్ హిందూ యూనివర్సిటీలో, విశ్వనాథ్ గుడి కూడా ఉంది. అక్కడే క్యాంపస్‌లో యూనివర్సిటీ వాళ్ల మ్యూజియం ఉందట కదా, భారత్ కళా భవన్ అని, దానికి ఒక పూట కేటాయించొచ్చా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మకి విగ్రహాలంటే ఇష్టం కానీ రాళ్లూ కుండ పెంకులే ఉంటే పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంది. నాకైతే బొమ్మల గురించి ఓనమాలు కూడా రావు. చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

లంక_గేట్_మాజీ:
సీను గారూ నేను అక్కడ రెండేళ్లు ఫైన్ ఆర్ట్స్ చదివా, కాబట్టి కొంచెం పక్షపాతంగానే చెప్తా, తప్పకుండా వెళ్లండి. కానీ మొత్తం చూసేద్దాం అనుకుని వెళ్లకండి, అక్కడ ఉన్నవి లక్షకి పైగా వస్తువులు, మినియేచర్ బొమ్మలే (చిన్న సైజులో సన్నటి పనితో వేసిన పాత చిత్రాలు) దాదాపు 12 వేలు, అందులో గోడ మీద కనపడేది చాలా చాలా తక్కువ. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇంతేనా అనుకున్నా, తర్వాత మా సారు చెప్పారు, కాగితం మీద వేసిన పాత రంగులు వెలుతురికి వెలిసిపోతాయి, అందుకే లైటు 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరే, అంటే బాగా తక్కువగా ఉంచాలి, అదీ కొన్నాళ్లే, తర్వాత తీసి చీకట్లో రెస్ట్ ఇవ్వాలి అని. కాబట్టి లోపల మసకగా ఉందని తిట్టుకోకండి, ఒక నిమిషం కదలకుండా నిలబడితే కళ్లు అలవాటు పడతాయి.

అమ్మగారిని ముందు గోవర్ధనగిరిధారి దగ్గరికి తీసుకెళ్లండి. గుప్తుల కాలం విగ్రహం, కాశీలోనే బకరియా కుండ్ దగ్గర దొరికింది, మనిషి కంటే ఎత్తు. కొండ మోస్తున్నవాడి మొహంలో కష్టం ఉండాలి కదా, అస్సలు ఉండదు, ఏదో అటక మీద డబ్బా అందుకుంటున్నట్టు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. తర్వాత శివపార్వతుల పెళ్లి శిల్పం ఒకటి ఉంటుంది, యూపీలోని ఎటా నుంచి వచ్చింది, పదో శతాబ్దం నాటిది అంటారు, పాణిగ్రహణం సీన్. అమ్మగారు అక్కడే పావుగంట ఆగిపోతారు చూడండి.

బొమ్మల్లో బసోలీవి (జమ్మూ వైపు కొండల్లోని బసోలీ ఊరి శైలి) కనిపిస్తే వదలొద్దు. మన చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి జీరంగిని పెంచేవాళ్లం గుర్తుందా, ఆకుపచ్చగా మెరిసేది, అలాంటి పురుగు రెక్క ముక్కల్నే బసోలీ చిత్రకారులు నగల్లో పచ్చల బదులు అతికించేవాళ్లు. అది తెలియకుండా చూస్తే పచ్చ చుక్కలా ఉంటుంది అంతే, తెలిశాక తల కొంచెం పక్కకి వంచి చూస్తే తళుక్కుమంటుంది. నాకు ఆ మ్యూజియం మొత్తంలో గుర్తుండిపోయింది అదే, పరీక్షలకి చదివిందంతా పోయింది 😄

హైటెక్_బాబాయ్:
గుడి ఎలాగూ చూస్తున్నారు కదా బ్రో, మళ్లీ మ్యూజియంలో విగ్రహాలెందుకు, మోకాళ్ల నొప్పులతో నాన్నగారిని తిప్పుతారా. సారనాథ్ మ్యూజియం చాలు, సింహాలు అక్కడే ఉన్నాయి. బీహెచ్‌యూలో వీటీ (విశ్వనాథ్ టెంపుల్) దగ్గర కోల్డ్ కాఫీ తాగి వచ్చేయండి. కాకపోతే ఒక్క విషయం, ఆ మ్యూజియం మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వీసీగా ఉన్నప్పుడు పెట్టించింది, ఆ గౌరవంతో వెళ్తే వెళ్లొచ్చు.

లంక_గేట్_మాజీ:
బాబాయ్ గారూ సారనాథ్ సంగతి ఒప్పుకుంటా, రెండో పాయింట్ మాత్రం కాదండీ. రాధాకృష్ణన్ గారు అక్కడ వీసీగా ఉన్నది 1939 నుంచి 48 వరకు, మ్యూజియం యూనివర్సిటీలోకి వచ్చింది 1950లో, బిల్డింగ్‌కి శంకుస్థాపన చేసింది నెహ్రూ. అసలు మొదలైంది 1920లో, రాయ్ కృష్ణదాస్ అని కాశీలో పెద్దింటి ఆయన, హిందీ రచయిత కూడా, సొంతంగా సేకరించి పెట్టారు. మొదటి అధ్యక్షుడు టాగోర్. ముప్పై ఏళ్లు చోట్లు మారుతూ, మధ్యలో నాగరీ ప్రచారిణి సభ అనే హిందీ భాషా సంస్థ వాళ్ల దగ్గర కొన్నాళ్లు ఉండి, చివరికి క్యాంపస్‌కి చేరింది. ఒక మనిషి ఇష్టంతో ఏరుకున్నవి కాబట్టే అక్కడ బొమ్మల పక్కనే బట్టలు, నాణేలు, నగిషీ సామాన్లు అన్నీ కలిసి కనిపిస్తాయి, తవ్వకాల మ్యూజియంలా ఉండదు. సారనాథ్‌కీ దీనికీ తేడా అదే.

ఉప్పాడ_సుజాత:
ఎవరూ చీరల గురించి చెప్పలేదేంటి! సీను గారూ అమ్మగారు ఎలాగూ బనారస్ పట్టు కొనకుండా తిరిగి రారు కదా, అయితే కొట్టుకి వెళ్లే ముందు ఆ మ్యూజియంలో పాత బట్టలు చూపించండి. పాత బనారస్ జరీ నేత, ఢాకా జామ్దానీ (పూల నేత ఉన్న సన్నటి నూలు బట్ట), కాశ్మీర్ శాలువాలు ఉంటాయి. మాది నేత కుటుంబం, మా పెదనాన్న ఒకసారి వచ్చి ఆ అద్దాల ముందు గంట సేపు నిలబడ్డారు, వెనకవైపు చూపిస్తే బాగుండు అని ఒకటే గొణుగుడు 😀 ఎందుకంటే నేత సంగతి వెనకే తెలుస్తుంది, కడ్వా చీరలో ప్రతి బుటా విడిగా నేస్తారు కాబట్టి వెనక వేలాడే దారాలు ఉండవు, మామూలు దాంట్లో దారం ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది, తర్వాత కత్తిరిస్తారు. మ్యూజియంలో తిప్పి చూడనివ్వరు, కొట్లో మాత్రం తిప్పి చూడండి, మొహమాటపడకండి. అసలు జరీ అని ఎవరు చెప్పినా ఒక్కసారికే నమ్మకండి.

ఇంకోటి, ఆలిస్ బోనర్ గ్యాలరీ ఉంటుంది. స్విట్జర్లాండ్ ఆవిడ, ఉదయ్ శంకర్ నాట్య బృందంతో కలిసి పనిచేసి 1936లో అస్సీ ఘాట్‌లో ఇల్లు తీసుకుని నలభై ఏళ్లకి పైగా ఉండిపోయింది. మీకు బొమ్మల గురించి తెలియదన్నారు కదా, ముందు మనుషుల కథ తెలుసుకుని చూడండి, పట్టు దొరుకుతుంది. రష్యన్ చిత్రకారుడు రోరిక్ వేసిన హిమాలయాల బొమ్మలు కూడా ఉన్నాయి, నాన్నగారు కూర్చోవాలంటే ఆ గది దగ్గర ఆగండి, ఆ నీలం రంగు అలసట తీరుస్తుంది నిజంగా.

తణుకు_సీను:
అబ్బ చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. జీరంగి మాట చదివి నాన్నకి చెప్తే, మీ అమ్మని గుడిలో వదిలేసి మనిద్దరం వెళ్దాంరా అంటున్నారు, ఇప్పుడు అమ్మ అలిగింది. సుజాత గారి చీరల మెసేజ్ చూపించాక సరే అంది. టైమింగ్స్, ఫోన్ సంగతి కూడా చెప్పేయండి.

లంక_గేట్_మాజీ:
ఆదివారం, యూనివర్సిటీ సెలవులప్పుడు మూసేస్తారు, ఎండాకాలంలో పొద్దున పూటే. బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. బ్యాగ్, ఫోన్ బయట ఇచ్చి వెళ్లాల్సి రావొచ్చు, కాబట్టి నాన్నగారి కళ్లద్దాలు బ్యాగ్‌లో వదిలేయకుండా జేబులో పెట్టుకోమనండి, మినియేచర్లు దగ్గరగా చూడాలి. లంక గేట్ (యూనివర్సిటీ మెయిన్ గేట్) నుంచి టోటో, అంటే బ్యాటరీ రిక్షా ఎక్కి లోపలిదాకా వెళ్లండి, నడవద్దు, క్యాంపస్ చాలా పెద్దది.

హైటెక్_బాబాయ్:
సరే సరే ఓడిపోయా. కానీ కోల్డ్ కాఫీ మాత్రం వదలొద్దు.