మెకింటైర్ ఇంటిపేరు 1848కి ముందు దొరకడం లేదు, స్కాట్లాండ్ రికార్డులు తెలిసినవాళ్లు చెప్పండి

గోదారి_అమ్మమ్మ:
అందరికీ నమస్కారం. మా అల్లుడి వాళ్ల మూలాలు స్కాట్లాండ్‌లో ఉన్నాయి. మనవరాలికి రెండువైపులా వంశవృక్షం రాసివ్వాలని మొదలుపెట్టాను. అల్లుడి తాతగారికి తాత డంకన్ మెకింటైర్. 1848లో పెళ్లి, 1891లో గ్లాస్గోలో మరణం, వయసు 68. మరణం సూచికలో చూశానంతే, కాగితం తియ్యలేదు. 1851 జనాభా లెక్కల్లో పుట్టిన ఊరు ఆర్గైల్‌లోని గ్లెనార్కీ అని ఉంది. 1823 ప్రాంతంలో బాప్తిస్మం వెతికితే ఏమీ రాలేదు. పైగా ఒకచోట ‘మ్యాక్’, ఒకచోట ‘మెక్’, ఇంకోచోట ఎం పక్కన కామా లాంటి గుర్తు. ఇవి వేరే కుటుంబాలా?

పాతదస్తావేజు:
అమ్మా, బాప్తిస్మం పక్కన పెట్టి ముందు 1891 మరణ నమోదు బొమ్మ (అసలు పేజీ స్కాన్) తీయండి. స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల సైటు స్కాట్లండ్స్‌పీపుల్‌లో సూచిక వెతకడం ఉచితం, బొమ్మకే క్రెడిట్లు (డబ్బిచ్చి కొనుక్కునే పాయింట్లు) పోతాయి, కానీ ఈ ఒక్కదానికి ఖర్చు పెట్టాల్సిందే. అక్కడ ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. మరణ నమోదులో తండ్రి పేరు, వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా రాస్తారు. మీ 1848 పెళ్లి చర్చి పుస్తకంలోది, అందులో సాధారణంగా తల్లిదండ్రుల పేర్లు ఉండవు.

బొమ్మ రాగానే సమాచారం ఇచ్చినవారి గడి చూడండి. కొడుకో కూతురో అయితే సరే. అల్లుడో పక్కింటివారో సంతకం పెట్టి ఉంటే, చనిపోయినాయన తల్లి పుట్టింటి పేరు తప్పుపడే అవకాశం ఎక్కువ. అప్పుడు డంకన్ తోబుట్టువుల మరణాలతో సరిచూడాలి.

ఆయన పిల్లల్లో ఎవరైనా 1855లో పుట్టారా? ఆ ఒక్క ఏడాది జనన నమోదులో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊళ్లు, పెళ్లి తేదీ, స్థలం కూడా రాశారు. పని ఎక్కువైందని మరుసటి ఏడాదే తీసేశారు. పెళ్లి వివరం మాత్రం 1861 నుంచి మళ్లీ వచ్చింది.

1841 లెక్కల్లో వయసును నమ్మకండి. పదిహేను దాటినవాళ్లకు చాలావరకు ఐదు గుణిజానికి తగ్గించి రాశారు: 18 ఏళ్లవాడు 15 అయిపోతాడు.

శ్రీలత_గ్లాస్గో:
మ్యాక్, మెక్, కామా గుర్తు మూడూ ఒకటే అమ్మా. గుమస్తా రాసే అలవాటును బట్టి మారతాయి, ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటాడు. ‘మ్యాక్ అంటే స్కాట్లాండ్, మెక్ అంటే ఐర్లాండ్’ అనే మాటకు ఆధారం లేదు.

వెతికేటప్పుడు పూర్తి ఇంటిపేరు కొట్టకండి. ఎం*ఎన్‌టీ*ఆర్* అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. నక్షత్రం గుర్తు ఉన్నచోట ఎన్ని అక్షరాలున్నా, ఏమీ లేకపోయినా పట్టుకుంటుంది. మెకిన్‌టైర్, మెకెన్‌టైర్, మాకింటీర్, మధ్యలో కె దూరినవి, అన్నీ వస్తాయి. వల పెద్దది కాబట్టి ఏళ్లను 1818–1828కి, పారిష్‌ను (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతాన్ని) గ్లెనార్కీ, ఇనిషేల్‌కి కుదించండి. 68 ఏళ్లన్నది చెప్పిన వయసే, ఐదేళ్లు అటూ ఇటూ పోవచ్చు.

అప్పటికీ రాకపోతే ‘రైట్’ అని వెతకండి. స్కాట్లాండ్ కొండప్రాంతాల భాష గేలిక్‌లో మెకింటైర్ అంటే వడ్రంగి కొడుకు. కొందరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, వడ్రంగి అనే అర్థమొచ్చే రైట్ అని పెట్టుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే ఆడవాళ్ల పేరు ఎం బదులు ఎన్‌తో మొదలవ్వచ్చు, గేలిక్‌లో కూతురికి ‘నిక్’ అంటారు. ఎన్*ఎన్‌టీ*ఆర్* కూడా ప్రయత్నించండి.

గోదారి_అమ్మమ్మ:
ఇద్దరికీ ధన్యవాదాలు. 1855లో ఒక ఆడపిల్ల పుట్టినట్టు సూచికలో ఉంది! రైట్ సంగతి అసలు తట్టనే లేదు.

పాతదస్తావేజు:
అయితే మరణంతోపాటు ఆ పిల్ల జననం కూడా తీయండి. ఆ రెండూ కలిస్తే సగం పని అయినట్టే.

కిర్క్‌రికార్డులు:
ఒక మాట కలుపుతాను. పారిష్ చర్చి పుస్తకంలో లేనంత మాత్రాన పేరు తప్పని కాదు. చర్చి ఆఫ్ స్కాట్లాండ్ నుంచి 1733లో, 1761లో చీలిపోయిన శాఖలవాళ్ల బాప్తిస్మాలు పారిష్ పుస్తకంలోకి చాలాసార్లు ఎక్కలేదు. డంకన్ తండ్రి 1790 ప్రాంతంలో పుట్టి ఉంటే ఇంకో చిక్కు: 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది, చాలామంది రాయించుకోనే లేదు.

అలాంటప్పుడు కిర్క్ సెషన్ (స్థానిక చర్చి పెద్దల సభ) పుస్తకాలు చూడాలి. అవీ స్కాట్లండ్స్‌పీపుల్ సైటులోనే ఉన్నాయి, తెరిచి చూడటానికి డబ్బు అక్కర్లేదు. పేర్ల సూచిక లేదు కాబట్టి పేజీ పేజీ తిప్పాలి. పేదలకు ఇచ్చిన సాయం, పెళ్లి కాకుండా పుట్టిన పిల్లల విచారణలు, అన్నీ అందులోనే దొరుకుతాయి.

పిల్లల పేర్లు వరసగా రాసి పెట్టుకోండి. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టే ఆనవాయితీ ఉండేది. మన దగ్గర తాత పేరు పెట్టినట్టే. అందరూ పాటించలేదు, కనుక దాన్ని సాక్ష్యంగా కాక, గ్లెనార్కీలో ఇద్దరు ముగ్గురు డంకన్‌లు తేలితే ముందు ఎవరిని పరీక్షించాలో చెప్పే ఆనవాలుగా వాడండి.