బ్లాక్ హిల్స్ డబ్బు లకోటాలు తీసుకోవాలా, వద్దా?

కృష్ణాతీరం: 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర అమెరికా ప్రభుత్వం లకోటా తదితర సూ తెగలతో ఒప్పందం రాసుకుంది. సౌత్ డకోటా రాష్ట్రంలోని బ్లాక్ హిల్స్ కొండలు వాళ్లవే అని. వయోజన మగవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది సంతకం చేస్తేనే ఆ నేల చేతులు మారాలి. 1874లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం అక్కడ బంగారం చూసింది. 1877లో ప్రభుత్వం కొండలు లాగేసుకుంది. 1980లో సుప్రీంకోర్టు 8-1 తీర్పుతో 1.71 కోట్ల డాలర్ల పరిహారం, 1877 నుంచి 5 శాతం వడ్డీ ఖాయం చేసింది. వాళ్లు ముట్టుకోలేదు. ఖజానాలో అది పెరిగి పెరిగి 100 కోట్ల డాలర్లు దాటింది. లకోటాలు ఉండే పైన్ రిడ్జ్‌లో చూస్తేనేమో దరిద్రం. తీసుకుని స్కూళ్లు, ఆసుపత్రులు కట్టుకుంటే తప్పేంటండీ?

డాలస్ బాబాయి: మీరు 1874 నుంచి 1877కి ఒక్క దూకు దూకారు, అసలు కథ ఆ మధ్యలోనే ఉంది. కొండలు వదులుకునేదాకా రేషన్ ఇవ్వబోమని 1876లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) తీర్మానించింది. అడవిదున్నలు తరిగిపోయి, జనం ఆ రేషన్ మీదే బతుకుతున్న రోజులవి. అయినా సంతకాలు పదో వంతు మందివే వచ్చాయి. మేం పిల్లలతో మౌంట్ రష్‌మోర్ వెళ్లి, కొండరాయిలో చెక్కిన నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాల ముందు ఫొటోలు దిగి వచ్చాం. ఆ రాయి కూడా ఈ కొండల్లోదేనని తర్వాత చదివి తెలుసుకున్నా, సిగ్గేసింది.

కృష్ణాతీరం: బాబాయి గారూ, అన్యాయం కాదని నేననలేదు. మన దగ్గర భూసేకరణలో రైతు చెక్కు వద్దంటే కోర్టులో డిపాజిట్ చేసి పని కానిచ్చేస్తారు. చివరికి నష్టపోయేది రైతే.

మిరపతోట: ఆ పోలిక కుదరదు. రైతుతో సర్కారు ఒప్పందం రాసుకోదు. ఇది ఒక జాతికీ ఇంకో జాతికీ మధ్య జరిగిన సంధి. డబ్బు తీసుకుంటే అమ్మేసినట్టే, ఇక అడగడానికేం మిగలదు. ధర కూడా 1877 నాటిదే, వడ్డీ బారువడ్డీ! హోమ్‌స్టేక్ గని నూరేళ్లకు పైగా అక్కడే బంగారం తవ్వింది. 100 కోట్లు లక్ష మందికి పంచినా తలకు పది వేల డాలర్లు, అంటే ఒక సెకండ్ హ్యాండ్ కారు. (లాయర్ల ఫీజు మాత్రం వాళ్లకు ముట్టింది లెండి.)

డాలస్ బాబాయి: మధ్యేమార్గం ఒకటుండేది. 1985లో సెనేటర్ బ్రాడ్లీ బిల్లు పెట్టారు: ప్రైవేటు భూముల జోలికి పోకుండా, ప్రభుత్వం చేతిలో ఉన్న దాదాపు 13 లక్షల ఎకరాలు తిరిగి ఇద్దామని. రష్‌మోర్‌నీ మినహాయించారు. అయినా గట్టెక్కలేదు.

కృష్ణాతీరం: ఈ బిల్లు సంగతి నాకు తెలియదు. ఎవరి ఇల్లూ ఖాళీ చేయించనక్కర్లేదంటే నా వాదన సగం పోయినట్టే. మిగతా సగం వదలను. ఇవాళ పైన్ రిడ్జ్‌లో ఆకలితో ఉన్న పిల్లాడి తరఫున ‘వద్దు’ అనే హక్కు వాళ్ల పెద్దలకు ఉండొచ్చు. ‘వద్దులే, ఆగండి’ అనే హక్కు డాలస్‌లోనో బెజవాడలోనో కూర్చున్న మనకుందా?

మిరపతోట: ‘తీసుకోండి’ అనే హక్కూ లేదుగా అండీ, ఈ చర్చ మొదలెట్టింది మీరే!